బడి వదిలాక ఆ రెండున్నర గంటలు: ట్యూషనా, డే కేరా, స్టేడియమా, నానమ్మా?

బడి నాలుగింటికో నాలుగుంపావుకో వదులుతారు. ఆఫీసు ఐదున్నరకు అయిపోయినా హన్మకొండ చౌరస్తా దాటి ఇల్లు చేరేసరికి ఆరున్నర. మధ్యలో పిల్లలు ఎక్కడుండాలి? వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగానికి పోయే ఇళ్లలో ఏటా జూన్‌లో బడులు తెరిచే ముందు జరిగే పంచాయితీ ఇదే. నేను బ్యాంకులో చేస్తాను. మా ఆయనది కాజీపేట రైల్వేలో షిఫ్టు డ్యూటీ. పాప మూడో తరగతి, బాబు ఏడో తరగతి. నాలుగేళ్లలో గల్లీ ట్యూషన్ నుంచి స్టేడియం దాకా దాదాపు అన్నీ తిరిగాం.

మొదటి ఏడాది మేం ఆఫ్టర్ స్కూల్ సెంటర్‌ను చూడలేదు, గేటుకు కట్టిన ఫ్లెక్సీని చూసి చేర్పించాం. అబాకస్, చెస్, వేదిక్ మ్యాథ్స్, స్పోకెన్ ఇంగ్లిష్, యోగా, డ్రాయింగ్, వెస్టర్న్ డాన్స్. ఇన్ని ఎవరు నేర్పుతారని అడగాలన్న ఆలోచనే రాలేదు. నేర్పేది ఒక్కతే మేడం. డిగ్రీ అయిన పిల్ల, ఓపిక గలది. మా పాపకు ఆమె అంటే ప్రాణం. దసరా సెలవుల తర్వాత ఆమె రాలేదు. సంక్రాంతి లోపు ఇంకో ఇద్దరు మారారు. "ఈ రోజు ఏం చేసినవ్ బిడ్డా?" అంటే "టీవీల బొమ్మలు చూసినం" అనేది. ఫ్లెక్సీ మాత్రం అట్లనే ఉంది.

అప్పటి నుంచి నేను అడిగే వరుస మారింది. ఏమేం నేర్పుతారన్నది తర్వాత. సాయంత్రం ఐదింటికి నా బిడ్డ పక్కన ఉండే మనిషి ఎవరు, ఏడాదంతా ఉంటుందా, ఆమె ఉండేలా వీళ్లు ఏం చేస్తున్నారు? ముందు ఇవి.

## చేర్పించే ముందు ఏం చూడాలి

మొదటిది, ఒక్కరి కింద ఎంతమంది. ఒకటి నుంచి మూడో తరగతి పిల్లలైతే పది పన్నెండు మందికి ఒక పెద్ద మనిషి, ఆపై తరగతులకు పదిహేను మంది దాకా. నేను పెట్టుకున్న గీత ఇది. ఇరవై ఐదు మందికి ఒక్కరే ఉన్నారంటే ఆ మేడం ఎంత మంచిదైనా చేసేది కాపలా. లెక్క అడిగేటప్పుడు "మొత్తం స్టాఫ్ ఎంతమంది" అని అడగకండి. ఓనరు, రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి, వారానికి ఒకసారి వచ్చే డాన్స్ మాస్టర్ అందరినీ కలిపి చెప్తారు. "సోమవారం ఐదింటికి ఈ గదిలో ఎవరుంటారు" అని అడగండి.

రెండోది, వాళ్లు ఎన్నాళ్లుగా ఉన్నారు. దీనికి నా దగ్గర ఒక ప్రశ్న ఉంది. "ఏప్రిల్, మే నెలల్లో మీ మేడంలకు జీతం ఇస్తారా?" చాలాచోట్ల పది నెలల జీతమే. వేసవిలో జీతం లేని మనిషి జూన్‌లో ఇంకో బడిలో చేరిపోతుంది, మన పిల్లలు మళ్లీ కొత్త మొహం చూస్తారు. ఈ ప్రశ్నకు ఓనరు ఇబ్బంది పడ్డా సరే, అడగండి. ఆమెకు జ్వరమొస్తే బదులు ఎవరు వస్తారో, పిల్లలు రాకముందు ఆ రోజు పని సర్దుకోవడానికి అరగంటైనా ఇస్తున్నారో లేదో కూడా తెలుసుకోండి. బడిలో పాఠాలు చెప్పి, బస్సు దిగీ దిగగానే నేరుగా పిల్లల ముందు నిలబడే మేడం దగ్గర కొత్త ఆలోచనలు ఎక్కడి నుంచి వస్తాయి?

ఆయమ్మను లెక్కలోంచి తీసేయకండి. కడుపు నొప్పి, తడిసిన నిక్కరు, పక్క పిల్లాడు గిల్లిన సంగతి పిల్లలు ముందు చెప్పేది ఆమెకే. ఆయమ్మ లేని చోట ఆ పనులన్నీ మేడమే చేయాలి, ఆ పది నిమిషాలు మిగతా పిల్లలు గాలికి. బడి నుంచి సెంటర్‌కు తెచ్చే ఆటో అన్న కూడా స్టాఫే. ఆయన పిల్లల్ని ఎంతమందిని ఎక్కిస్తాడో గేటు దగ్గర నిలబడి ఒకసారి లెక్కపెట్టండి.

ఇక భద్రత. పిల్లలతో రోజూ పనుండే బడులు, క్రెష్‌లు, ఆటల అకాడమీలు, అలాంటి ప్రతి చోటా సిబ్బందికి ఎప్పటికప్పుడు పోలీస్ వెరిఫికేషన్ చేయించాలని 2020 పోక్సో నియమాలు చెబుతున్నాయి. కాబట్టి ఆ కాగితం చూపించమంటే అది అనుమానించడం కాదు, చట్టం వాళ్లను చేయించమన్నదే. "మా వాళ్లందరూ తెలిసినవాళ్లే" అన్న జవాబు చాలదు. పాపను ఎవరు తీసుకెళ్లొచ్చో పేర్లు రాసిస్తే ఆ పేర్లు లేని మనిషికి, సొంత మేనమామైనా సరే, అప్పగించకూడదు. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు పిల్లలకు కనిపించే ఎత్తులో గోడ మీద ఉందా? చిన్న విషయమే. కానీ అది రాసి పెట్టినవాళ్లు మిగతావీ ఆలోచించి ఉంటారని నా అనుభవం.

ఆట గురించి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వంచి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మన బడుల్లో కొన్నిటికి మైదానమే లేదు, ఉన్నచోట వారానికి రెండు గేమ్స్ పీరియడ్లు. ఆ గంట ఎక్కడైనా దొరకాలంటే ఈ సాయంత్రమే దొరకాలి. రోజంతా బెంచీ మీద కూర్చుని వచ్చిన పిల్లను మళ్లీ కూర్చోబెట్టే సెంటర్‌కు నేను మార్కులు తగ్గిస్తాను.

నేర్పే పని విషయంలో అమెరికాలో డర్లాక్, వైస్‌బర్గ్, పాచన్ అనే ముగ్గురు పరిశోధకులు పిల్లల వ్యక్తిగత, సామాజిక నైపుణ్యాలు పెంచాలని నడిపే బడి తర్వాతి కార్యక్రమాల మీద వచ్చిన అధ్యయనాలు కలిపి చూసి 2010లో ఒక వ్యాసం ప్రచురించారు. పిల్లల ప్రవర్తనలోనూ చదువులోనూ మంచి మార్పు కనిపించింది నాలుగు లక్షణాలున్న చోటనే. మెట్టు మీద మెట్టుగా నేర్పడం, పిల్లలు చేతులతో చేయడం, దానికని సమయం కేటాయించడం, ఏం నేర్పుతున్నామో స్పష్టంగా అనుకోవడం. ఈ నాలుగూ లేనిచోట చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు. సోమవారం చెస్, మంగళవారం అబాకస్, బుధవారం యోగా అని రోజుకొకటి తిప్పే పట్టికను ఈ కళ్లతో చూడండి. ఆరు నెలల పాటు వారానికి మూడు రోజులు ఒక్క చెస్సే ఆడించే చోటు నాకు మేలనిపిస్తుంది.

తిండి, బాత్రూం సంగతి ఎవరికి వాళ్లు చూసుకోగలరు. ఒక్క మాట మాత్రం. ప్యాకెట్ చిప్స్ ఇచ్చే చోట కన్నా గుడాలో, అటుకులో, పల్లీపట్టీనో పెట్టే చోట ఎవరో ఒకరు పిల్లల గురించి పొయ్యి దగ్గర నిలబడ్డారని అర్థం.

## ఫీజు వెనక లెక్క

ఒక సెంటర్‌లో పాతికమంది పిల్లలు, నెలకు తలా 2,000 అనుకుందాం. వచ్చేది 50,000. అద్దె 12,000. రోజుకు ఒక్కొక్కరికి 15 రూపాయల తిండి, నెలకు 24 రోజులు, అదొక 9,000. కరెంటు, నీళ్లు, ఫినాయిల్, కాగితాలు, రంగులు కలిపి 4,000. మిగిలింది 25,000. ఇద్దరు మేడంలకు 9,000 చొప్పున, ఆయమ్మకు 6,000 ఇస్తే ఓనరు చేతిలో 1,000 రూపాయలు. ఇవి ఊహకు వేసుకున్న అంకెలే, మీ కాలనీ అద్దెతో మీరూ వేసి చూడండి. తేలేది ఒక్కటే, ఓనరు బతకాలంటే పిల్లల్ని నలభైకి పెంచాలి, లేదా ఒక మేడంను తీసేయాలి, లేదా ఫీజు పెంచాలి.

పక్క సెంటర్ 500 తక్కువ అంటుంది. పాతికమందికి అది 12,500. ఒక మేడం జీతం, పైన ఇంకా మూడున్నర వేలు. చౌకగా దొరికిందని సంబరపడే ముందు ఆ డబ్బు ఎవరి దగ్గర తగ్గిందో అడగాలి కదా. అలాగని ఎక్కువ ఫీజు ఉన్నచోట మేడంకు ఎక్కువ ఇస్తున్నారనీ కాదు. ఏసీకీ, రంగుల గోడలకూ పోయి ఉండొచ్చు. అందుకే అడగమంటున్నాను.

## ఒక్క చూపులో

| మార్గం | చూసుకునే మనిషి | ఆట, నేర్పు | సెలవులు, వాన | ఖర్చు |
|---|---|---|---|---|
| గల్లీ ట్యూషన్ | ఒక్కరే, ఏళ్ల తరబడి వాళ్లే | హోంవర్క్ వరకే | వాళ్లింట్లో శుభకార్యమైతే బంద్ | తక్కువ |
| బడిలోనే స్టడీ అవర్ | తెలిసిన టీచర్లు, అలసిపోయి ఉంటారు | బడిని బట్టి | బడి లేకపోతే లేదు | మధ్యస్థం |
| డే కేర్, ఆఫ్టర్ స్కూల్ సెంటర్ | చోటును బట్టి చాలా తేడా | బాగుంటే అన్నిటికన్నా మేలు | చాలావరకు తెరిచే ఉంటుంది | ఎక్కువ |
| స్టేడియం, బాలభవన్, గురువు దగ్గర కళ | ఆ విద్య తెలిసినవాళ్లు | ఒక్కటే, కానీ లోతుగా | వానొస్తే మైదానం బంద్ | తక్కువ నుంచి మధ్యస్థం |
| ఇల్లు, నాలుగిళ్ల పొత్తు | నానమ్మ, లేదా మనం పెట్టుకున్న మనిషి | మనం పెడితే ఉంటుంది | మన చేతిలో | మనం కుదుర్చుకున్నంత |

## గల్లీ ట్యూషన్

వాడకట్టులో ప్రతి రెండో సందుకు ఒకటి ఉంటుంది. పదేళ్లుగా అదే ఆంటీ, అదే చాప, అదే బోర్డు. మనిషి మారదు, ఇది దీని పెద్ద బలం. మన ఇల్లు తెలుసు, మన అత్తగారు తెలుసు, ఆలస్యమైతే పిల్లకు అన్నం కూడా పెడుతుంది. డే కేర్ కొనలేని ఇంటికి ఇంతకన్నా భరోసా ఎక్కడుంది?

లోటు ఏంటంటే ఒక్క హాల్లో ఎల్‌కేజీ నుంచి పదో తరగతి దాకా. ఆమె అందరి డైరీలూ చూసి హోంవర్క్ పూర్తి చేయించాలి. పూర్తి చేయించడం వేరు, నేర్పడం వేరు. ఇది కనిపెట్టడం తేలిక. పిల్ల రఫ్ నోట్‌బుక్ తీసి చూడండి. తప్పులు, కొట్టివేతలు, మళ్లీ ప్రయత్నాలు ఉంటే పిల్ల చేసింది. అన్నీ ఒక్క దెబ్బకు సరిగ్గా ఉన్నాయంటే ఎవరో చెప్పి రాయించారు.

ఇంకో సంగతి. పిల్ల బడిలోని క్లాస్ టీచరే సాయంత్రం ఇంట్లో ట్యూషన్ చెప్తానంటే ఒప్పుకోకండి. విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పడాన్ని నిషేధించింది. చట్టం పక్కన పెట్టినా, పొద్దున క్లాసులో చెప్పని పాఠం సాయంత్రం డబ్బులకు చెప్పే ఏర్పాటు మంచిది కాదు. కొట్టే ట్యూషన్ల సంగతీ ముఖ్యమే. "రెండు తగిలిస్తేగాని వినరు" అని మన తల్లిదండ్రులే చెప్పొస్తారు. అదే చట్టం 17వ సెక్షన్ బడిలో దెబ్బలనూ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బడిలో వద్దన్నది ట్యూషన్‌లో ఎట్లా మంచిదవుతుంది?

## బడిలోనే ఇంకో గంటన్నర

ఆటో మారక్కర్లేదు, రోడ్డు దాటక్కర్లేదు. ప్రైవేటు బడుల్లో స్టడీ అవర్ అని నడుపుతారు. నేను అడిగేది ఒక్కటే, ఆ గంటన్నరకు టీచర్లకు విడిగా డబ్బులిస్తున్నారా? పొద్దున ఎనిమిదిన్నర నుంచి నిలబడ్డ మేడంను ఉత్త పుణ్యానికి ఆరింటి దాకా కూర్చోబెడితే ఆమె నోట్‌బుక్కులు దిద్దుకుంటుంది, పిల్లలు తలలు వాల్చుకుంటారు. డ్యూటీ వంతులవారీగా వేసి, పైసలు కట్టి, మైదానం తెరిచి ఉంచే బడి మీకు దొరికితే ఇక వెతకడం ఆపేయండి.

సర్కారు బడి పిల్లలకు ఒకటి నుంచి ఐదో తరగతి దాకా 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కింద చదవడం, లెక్కలు ఏ స్థాయిలో వచ్చాయో టీచర్ల దగ్గర వివరం ఉంటుంది. సాయంత్రం ఏం కావాలో నిర్ణయించే ముందు ఆ వివరం అడగండి. చదవడం రాని పిల్లకు అబాకస్ అక్కర్లేదు, పక్కన కూర్చుని రోజూ ఇరవై నిమిషాలు చదివించే మనిషి కావాలి.

## డే కేర్, ఆఫ్టర్ స్కూల్ సెంటర్

ఒకచోట దెబ్బ తిన్నాం కాబట్టి రెండోసారి నేను నాలుగు సెంటర్లకు ఐదుంపావుకు వెళ్లాను, చెప్పకుండా. ఆ సమయం ఎందుకంటే పిల్లలు తినేసి, ఆట అయిపోయి, హోంవర్క్‌కు కూర్చునే వేళ. సెంటర్ బాగోతం బయటపడేది అప్పుడే. ఒకచోట టీవీ మోగుతోంది. ఒకచోట నిశ్శబ్దం, అందరూ రాస్తున్నారు, మేడం చేతిలో స్కేలు. మూడోచోట గేటే తీయలేదు, "అపాయింట్‌మెంట్ తీసుకుని రండి" అన్నారు. నాలుగోచోట గోల గోలగా ఉంది. ఇద్దరు పిల్లలు నేల మీద పడుకుని మ్యాపు గీస్తున్నారు, ఒకడు మూలకు కూర్చుని అలిగాడు, మేడం వాడి పక్కన నేల మీద కూర్చుని ఏదో మెల్లగా మాట్లాడుతోంది. ఆయమ్మ మిగతావాళ్లను చూస్తోంది. అక్కడే చేర్పించాం.

ఆ సెంటర్ రోజు ఇట్లా నడుస్తుంది. నాలుగున్నర లోపు రావడం, కాళ్లు కడుక్కోవడం, తినడం. ఐదుంబావు దాకా పక్క ఖాళీ ప్లాటులో ఆట. తర్వాత నలభై నిమిషాలు హోంవర్క్. ఆరింటి నుంచి ఏదో ఒక చేతి పని. ఆట ముందా, హోంవర్క్ ముందా అని తల్లిదండ్రుల మీటింగ్‌లో పెద్ద వాదన జరిగింది. హోంవర్క్ ముందు అయిపోతే ఇంటికొచ్చాక ప్రశాంతం, నిజమే. కానీ డిసెంబరులో ఐదున్నర దాటితే చీకటి పడుతుంది, ఆట పోతుంది. మేడమే తేల్చింది, చలికాలం ఆట ముందు, ఎండాకాలం హోంవర్క్ ముందు. గదిలో ఉండే మనిషికి ఇలాంటివి నిర్ణయించే చనువు ఉండటం కూడా నేను చూసే గుణం. ప్రతిదానికీ "సార్‌ను అడిగి చెప్తా" అనే చోట ఆమె ఎక్కువ కాలం ఉండదు.

డే కేర్ అసలు విలువ క్యాలెండర్‌లో తెలుస్తుంది. మార్చి సగం నుంచి ఒంటిపూట బడులు, పన్నెండున్నరకే పిల్లలు బయట. దసరాకు రెండు వారాల దగ్గర సెలవులు. రెండేళ్లకోసారి మేడారం జాతర. ఏప్రిల్ చివర్లో మొదలై జూన్ దాకా వేసవి. ఈ రోజుల్లో తెరిచి ఉంటుందా, ఉంటే పూర్తి రోజుకు ఎంత అదనం, అప్పుడూ అదే మేడం ఉంటుందా, ఇవి జూన్‌లోనే కాగితం మీద రాయించుకోండి. మార్చిలో అడిగితే వాళ్లు చెప్పిందే రేటు.

వాన గురించి కూడా. 2023 జులై చివర్లో వరంగల్, హన్మకొండల్లో కాలనీలకు కాలనీలు నీళ్లలో మునగడం మనం చూశాం. సెంటర్ గ్రౌండ్ ఫ్లోర్‌లో నాలా పక్కన ఉంటే భారీ వాన రోజు ఏం చేస్తారు? పిల్లల్ని పై అంతస్తుకు తీసుకెళ్తారా, మనకు ఫోన్ ఎవరు చేస్తారు? జవాబు తడుముకోకుండా వచ్చిందంటే వాళ్లు ముందే అనుకున్నారన్నమాట.

## స్టేడియం, బాలభవన్, ఒక్క కళ

హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ ఉంది. 2021 సెప్టెంబరులో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగింది అక్కడే. మన పిల్లలు పరుగెత్తే నేల మీద దేశపు పెద్ద రన్నర్లు పరుగెత్తారు. మా బాబును కూర్చోబెట్టి చదివించబోయి రెండేళ్లు ఓడిపోయాక అక్కడ వదిలిపెట్టాం. రాత్రి తొమ్మిదింటికి నిద్రపోవడం మొదలుపెట్టాడు, అది చాలు నాకు. కోచ్ విషయంలోనూ అవే ప్రశ్నలు. ఒక్కరి కింద ఎంతమంది, చిన్నవాళ్లూ పెద్దవాళ్లూ ఒకే బ్యాచా, బట్టలు మార్చుకునే చోట ఎవరుంటారు.

వరంగల్ బాలభవన్ లాంటి సర్కారు చోట్ల సంగీతం, నాట్యం, బొమ్మలు తక్కువ ఖర్చుతో నేర్పుతారు. కొన్నేళ్లుగా అదే పనిలో ఉన్న గురువులు దొరికితే ఫ్లెక్సీ సెంటర్లు దిగదుడుపే. ఓరుగల్లులో పుట్టిన పిల్లలకు పేరిణి అనే కాకతీయుల నాటి వీరనాట్యం ఇంకో దారి. రామప్ప గుడి శిల్పాలనూ జాయపసేనాని నృత్తరత్నావళినీ ఆధారం చేసుకుని నటరాజ రామకృష్ణ దాన్ని మళ్లీ నిలబెట్టారు. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక అడిగేవాళ్లు పెరిగారు. మగపిల్లలు "డాన్సా?" అని మొహం తిప్పుకుంటే ఒకసారి పేరిణి చూపించండి.

దీనితో వచ్చే ఇబ్బంది సమయం. క్లాసు గంటే. ముందూ వెనకా ఎవరు తీసుకెళ్తారు, ఎవరు తీసుకొస్తారు? ఐదో తరగతి లోపు పిల్లలకు ఇది ఇంకొకదానితో కలిపి పనికొస్తుంది, ఒక్కటే సరిపోదు.

ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని హన్మకొండంతా బోర్డులు. 16 ఏళ్లలోపు పిల్లల్ని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. మా ఆయన స్నేహితులు నలుగురు అప్పటికే చేర్పించారు కాబట్టి మాకూ టెన్షన్ తప్పలేదు. చేర్పించలేదు. ఇంతకుమించి దాని గురించి చెప్పేదేమీ లేదు.

## ఇల్లు, నాలుగిళ్ల పొత్తు

మా అత్తమ్మ ఒక ఏడాది చూసుకుంది. వేడి వేడి సర్వపిండి, నూనె రాసి జడ, కథలు. పిల్లలు బరువు పెరిగారు, భయం పోయింది. కానీ ఆమెకు మోకాళ్ల నొప్పులు, ఏడో తరగతి వాడి వెంట ఎంత దూరం పోతుంది? ఐదున్నరకు సీరియల్ మొదలైతే వాడి చేతిలో ఫోను. నానమ్మలు ఉన్నారు కదా అని రెండున్నర గంటలూ వాళ్ల మీద పడేయడం అన్యాయం. జీతం లేని స్టాఫ్ వాళ్లు. వాళ్లకూ సెలవు కావాలి. వారంలో రెండు రోజులు స్టేడియం, ఒక రోజు ట్యూషన్ పెడితే ఆమెకూ ఊపిరి ఆడుతుంది.

ఒకే అపార్ట్‌మెంట్‌లోనో ఒకే గల్లీలోనో నలుగురైదుగురు తల్లులు కలిస్తే ఇంకో ఏర్పాటు చేసుకోవచ్చు. బీఈడీ చదివే అమ్మాయిని మాట్లాడుకుని, ఒకరి హాలు, వంతులవారీగా తిండి. ఎనిమిది మంది పిల్లలకు ఒక మనిషి, ఇంతకన్నా మంచి లెక్క ఏ సెంటర్‌లోనూ రాదు. తలా కొంచెం వేసుకుంటే ఆ అమ్మాయికి సెంటర్ ఇచ్చేదానికన్నా ఎక్కువే ఇవ్వొచ్చు. తిప్పలు కూడా ఉన్నాయి. ఆమెకు పరీక్షలొస్తే బదులు లేరు. మీ ఇంట్లో గోడ మీద గీసింది మా వాడే అంటే స్నేహాలు చెడతాయి. ముందే అన్నీ మాట్లాడుకుని, నెల మొదటి తారీఖున జీతం చేతిలో పెట్టే బాధ్యత ఒకరికి అప్పగించండి. అందరి బాధ్యత అంటే అది ఎవరి బాధ్యతా కాదు.

పరకాల, నర్సంపేట, ములుగు వైపు ఊళ్లలో ఈ వివరమంతా చదివి నవ్వుకునేవాళ్లుంటారు. అక్కడ డే కేర్ లేదు. పత్తి ఏరే కాలంలో తల్లులు ఇల్లు చేరేసరికి చీకటి. అక్కడ ఈ పొత్తు పద్ధతే పనికొస్తుంది. బడి వరండా గానీ కమ్యూనిటీ హాలు గానీ అడగడం, ఊళ్లో డిగ్రీ చదివిన ఒకరికి గౌరవంగా నెలజీతం ఇవ్వడం. "సేవ" అని ఉత్తగా చేయిస్తే రెండు నెలలకు ఆగిపోతుంది.

## మీ ఇంటికి ఏది?

పిల్ల మూడో తరగతి లోపు, ఇద్దరూ ఆరింటి దాకా ఆఫీసులో ఉంటే మంచి డే కేర్‌కు డబ్బు పెట్టండి. వేరేచోట తగ్గించుకోండి. ఎంజీఎంలాంటి ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు, రైల్వే షిఫ్టులు ఉన్నవాళ్లకు ఆరున్నరకు గేటు మూసే సెంటర్ అక్కరకు రాదు. మీకు నాలుగిళ్ల పొత్తు, లేదా గల్లీ ట్యూషన్ ఆంటీ మేలు. గడియారం చూసి తలుపేసుకోదు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలైతే ఆట ముందు, చదువు వెనక. వాళ్లు ఒంటరిగా ఇల్లు చేరగలరు, కానీ ఖాళీ ఇంట్లో ఫోనుతో మూడు గంటలు ఉండకూడదు. చదవడంలో వెనకబడ్డ పిల్లకు ఏ కళా వద్దు కొన్నాళ్లు, పక్కన కూర్చునే ఒక్క మనిషి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలుంటే మండల భవిత కేంద్రంలో ఉండే టీచర్‌తో ముందు మాట్లాడండి. ఆమె చెప్పిన పద్ధతినే సాయంత్రం చోటులోనూ పాటించమనండి.

ఏది ఎంచుకున్నా మొదటి నెల ఫీజే కట్టండి, ఏడాదిది ఒకేసారి వద్దు. రెండో వారంలో ఒకరోజు చెప్పకుండా వెళ్లండి. ఇంటికొచ్చాక పిల్లను "ఏం నేర్చుకున్నవ్" అని అడగకండి, "ఇయ్యాల ఎవరి పక్కన కూర్చున్నవ్, మేడం నీతో ఏం మాట్లాడింది" అని అడగండి. మేడం పేరు పిల్ల నోట రావాలి. మూడు వారాలైనా రాలేదంటే మళ్లీ వెతుక్కోవాల్సిందే.

ఇప్పుడు మా పాప ఆ నాలుగో సెంటర్‌లో, బాబు వారానికి నాలుగు రోజులు స్టేడియంలో, మిగతా రెండు రోజులు అత్తమ్మ దగ్గర. పోయిన నెల సెంటర్ ఫీజు 300 పెంచారు. మేడంల జీతాలు పెంచామని ఓనరమ్మ వాట్సాప్‌లో పెట్టింది. మా ఆయన గొణిగాడు. మరునాడు పాపను తీసుకురావడానికి వెళ్లినప్పుడు మేడంనే అడిగాను. నవ్వి, "అవునక్కా, మే నెలది కూడా ఇస్తమన్నరు" అంది.